తెల్లబట్టకు అంగడి మాత్ర వైద్యం కాదు

తొండూరైనా, పులివెందులైనా, ప్రొద్దుటూరైనా, జమ్మలమడుగైనా మందుల అంగడి ముందు ఒక దృశ్యం మారదు. ఒక మగమనిషి వస్తాడు. చుట్టూ తెలిసినవారెవరూ లేరని చూసుకొని, గొంతు తగ్గించి, "ఇంట్లో ఆమెకు తెల్లబట్ట అయితాందన్నా, మాత్రేదన్నా ఇయ్యి" అంటాడు. అవతలివారు ఒక్క ప్రశ్నైనా వేయరు. ఫ్లుకొనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర, ఒక్కోసారి దానికి తోడు మరో రెండు రకాల యాంటీబయాటిక్ మాత్రలు చేతిలో పడతాయి. రోగిని చూసినవారు లేరు. ఆమె మాట విన్నవారు లేరు. దీనిని వైద్యమని పిలవడానికి నేను అంగీకరించను.

మందు మీద నాకు పగ లేదు. కాండిడా అనే శిలీంధ్రం వల్ల యోనిలో దురద, మంట, విరిగిన పెరుగు వంటి తెల్లని స్రావం కలుగుతాయి. ప్రతి నలుగురు స్త్రీలలో సుమారు ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుంది. ఇది నడతకు సంబంధించిన జబ్బు కాదు, సిగ్గుపడవలసినదీ కాదు. గర్భవతి కాని స్త్రీకి ఒక్క ఫ్లుకొనజోల్ మాత్రతో గాని, యోనిలో ఉంచుకొనే క్లోట్రిమజోల్ బిళ్ళలతో గాని చాలావరకు నయమవుతుంది.

అయితే తెల్లబట్ట ఒక లక్షణమే గాని, ఒకే జబ్బు పేరు కాదు. చేపవాసనతో పలుచని స్రావం వస్తే అది తరచుగా బాక్టీరియా వల్ల. పచ్చగా, నురుగుగా వస్తే ట్రైకోమొనాస్ కావచ్చు. ఈ రెంటినీ ఫ్లుకొనజోల్ ఏమీ చేయలేదు. ట్రైకోమొనాస్ అయితే భర్తకూ చికిత్స కావాలి. నెల మధ్యలో వాసన, దురద లేకుండా కనిపించే తెల్లని స్రావం అసలు జబ్బే కాదు. 2002లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, తమకు శిలీంధ్రమేనని నమ్మి మందు కొనుక్కున్న స్త్రీలను పరీక్షిస్తే, కేవలం అదొక్కటే ఉన్నవారు మూడోవంతు మాత్రమే. బాధ అనుభవిస్తున్న మనిషే ఇంతగా పొరబడినప్పుడు, భర్త చెప్పిన ఒక్క మాట మీద అంగడిలో జరిగే నిర్ణయం ఎంత సరైనదో మీరే ఆలోచించండి.

ఆ అంగడిలో అడగవలసిన మొదటి ప్రశ్న "నెల తప్పిందా?" అన్నది. 2016లో డెన్మార్కులో జరిగిన పెద్ద అధ్యయనం, గర్భిణులు ఫ్లుకొనజోల్ మింగితే గర్భస్రావ ప్రమాదం పెరగవచ్చని హెచ్చరించింది. గర్భిణికి ఇవ్వవలసింది యోనిలో ఉంచే మందు, సాధారణంగా ఏడు రోజులు, అదీ వైద్యుల సలహాతో.

రెండవ ప్రశ్న "చక్కెర జబ్బు ఉందా?" మాటిమాటికీ తిరగబెట్టే దురద వెనుక అదే దాగి ఉండవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపి ఈ శిలీంధ్రానికి మేత వేస్తాయి. 2020లో పేటెంటు ముగిశాక మన దేశంలో అవి చవకై ఎన్నో ఇళ్ళకు చేరాయి. వాటిని సొంతంగా మానవద్దు. రాసిన వైద్యునికి ఈ బాధ చెప్పండి. గ్లిమిపిరైడ్ వాడేవారికి ఫ్లుకొనజోల్ తోడైతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వార్ఫరిన్ వాడేవారికి రక్తస్రావం కావచ్చు.

"చీనీ తోటలో ఒక రోజు కూలి పోగొట్టుకొని ఆసుపత్రికి పోవాలా?" అని మీరు అడగవచ్చు. ఆ కష్టం నిజం. ప్రభుత్వ సురక్షా క్లినిక్కులే ఇదే ఫ్లుకొనజోల్ ఉన్న ఆకుపచ్చ కిట్టు ఉచితంగా ఇస్తాయి కదా అనీ అనవచ్చు. అవును, ఇస్తాయి. కాని అక్కడి విధానంలో ముందు ప్రశ్నలు, పరీక్ష; ఆ తరువాతే కిట్టు. నేను కోరుతున్నదీ ఆ వరుసనే. తప్పుడు మాత్రతో పోయేది కూడా డబ్బే, దానితో పాటు విలువైన కాలమూ.

కనుక మొదటిసారి వచ్చినా, ఏడాదిలో మూడు నాలుగుసార్లు తిరగబెట్టినా, వారంలో తగ్గకున్నా పరీక్ష చేయించుకోండి. గర్భం, జ్వరం, పొత్తికడుపు నొప్పి, దుర్వాసన, పుండ్లు, రక్తం ఉంటే ఆ రోజే వెళ్ళండి. ఒంటరిగా పోవడానికి జంకితే ఆశా కార్యకర్తను తోడు రమ్మనండి.

అయ్యా, మగవారలారా! మీ ఇంటి ఆడమనిషి కోసం గొంతు తగ్గించి మాత్ర తేవడం కాదు మీరు చేయవలసింది. ఆమెను వెంట తీసుకొని వైద్యుల దగ్గరకు వెళ్ళండి. అక్కడ ఆమెనే మాట్లాడనివ్వండి.