కొలిచి పోస్తే పిసినారితనమా?

మా కోలారు ఇండ్లలో రాగిపిండిని పావుతో కొలుస్తాము, హొసతొడకు నాడు విస్కీని మాత్రం కంటి అందాజుతో పోస్తాము. కొలతగ్లాసు తీస్తే "ఏం మామా, మాకే లెక్కా?" అంటారు. అవును, లెక్కే! స్మాల్ 30 మి.లీ., లార్జ్ 60. నీళ్ళు లేకుండా తాగినా, ఐసు వేసినా, సోడా పోసినా మేము పోసేది 30యే. గ్లాసు నిండాల్సింది నీళ్ళతో. నీళ్ళు కలిపితే ఘాటు తగ్గుతుంది, కడుపులోకి పోయే మద్యం తగ్గదు. 180 క్వార్టరు అంటే 6 స్మాళ్ళు. అందాజుగా పోస్తే 3 గ్లాసులకే ఖాళీ. తాగినాయన "మూడే కదా" అనుకొని బండి తీస్తాడు. ఇంటికాడ పిల్లలు ఎదురు చూస్తుంటారు. ఇదా మన మర్యాద? కొలిచే పోద్దాం. కొలిచి పోసినా సరే, బండి తాళంచెవి మాత్రం మన దగ్గరే పెట్టుకుందాం.