కారు షెడ్డులో కడప బండ

మా ఇంటికి కారు వచ్చిన రెండేళ్లకు గాని, ఆ కారు నిలిచే చోటికి నేల రాలేదు. వాన పడితే టైర్లతో పాటు మా చెప్పులూ నల్లరేగడి మోసుకుని వరండాలోకి వచ్చేవి. "కారెక్కేది మీరు, కడిగేది నేను" అని మా ఆవిడ అన్నమాటలో అబద్ధం లేదు గనక, షెడ్డుకు నేల వేయించడానికి పూనుకున్నాను.

కర్నూలులో ఉండి రాయి కోసం వెతకడం తుంగభద్ర ఒడ్డున కూర్చుని నీళ్ల కోసం వెతికినట్టే. (వేసవిలో అలాగే వెతుకుతాం, అది వేరే సంగతి.) ఇటు బేతంచెర్ల బండ, అటు ఎర్రగుంట్ల వైపు నుంచి నల్లటి కడప బండ. మా తాతలనాటి ఇళ్లలో నేలా, అటకా, మెట్లూ, కొన్ని చోట్ల పైకప్పూ ఈ నాపరాయే. బేల్దారి కూడా అదే అన్నాడు. "బయట నేలకు నున్నటి టైల్సు వద్దు సామీ. బండ ఏపిద్దాం" అని.

నేను వినలేదు. అద్దంలా మెరిసే మీగడరంగు టైల్సు తెచ్చాను. వాటిని సందు లేకుండా అతికించమన్నది కూడా నేనే, చూపుకు బాగుంటుందని.

మే నెలలో ఒక మధ్యాహ్నం షెడ్డులోంచి టపాకాయ పేలినట్టు చప్పుడు. వెళ్లి చూస్తే రెండు టైల్సు గుడారంలా పైకి లేచి ఉన్నాయి. ఎండకు టైలు సాగుతుంది. సాగడానికి పక్కన చోటు లేకపోతే పైకి లేవక ఏం చేస్తుంది? పోనీలే, రెండేగదా అని అతికించాను.

జూలైలో జల్లు పడిన ఒక తెల్లవారుజామున, ముగ్గుగిన్నె పట్టుకుని గేటు దగ్గరికి వెళుతున్న మా అమ్మ ఆ నున్నటి నేల మీద జారింది. మణికట్టు విరిగింది. ఆరువారాలు కట్టు. నన్ను ఒక్క మాట అనలేదు. "నా అడుగే సరిగా పడలేదు లేరా" అంది. తిట్టినా బాగుండేది.

టైల్సన్నీ పీకించి, అదే బేల్దారిని బతిమాలి పిలిపించాను. అతడు ముందు రేగడి తవ్వించేశాడు. తడికి ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే మట్టి మీద ఏ నేలా నిలవదట. గరుసు పోసి, నీళ్లు కొట్టి దిమ్మిస చేసి, పైన కాంక్రీటు వేశాడు. ఆపైన రెండంగుళాల మందం కడప బండ, పాలిషు పట్టని గరుకు మొఖం పైకి. పది అడుగులకు అంగుళంన్నర వాలు, వీధి వైపుకు. బండకు బండకు పావంగుళం సందు, గోడ పక్కన అర అంగుళం. అన్నిటికంటె ముఖ్యం, బండ కింద మాలు నిండుగా ఉండాలి. నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి పరిస్తే కారు బరువుకు నడుమ విరుగుతుంది. అతడు ప్రతి బండనూ సుత్తిపిడితో తట్టి, డొల్లగా మోగినదాన్ని ఎత్తి మళ్లీ పరిచాడు. మూడువారాలు కారు వీధిలోనే.

ఇల్లాళ్లకు ఒక మాట. ఇది సున్నపురాయి. నిమ్మరసం పడినా, ఆసిడ్ పోసి కడిగినా మచ్చ పడుతుంది. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర వివరాలు రాసిన ఆ గుహలు, కొలిచినంతవరకే 3,229 మీటర్లు, సున్నపురాతిని నీళ్లు కరిగించి తొలిచినవే. వాననీటిలోని పిసరు పులుపే ఎన్నో వేల ఏళ్లలో అంత పని చేసింది. ఆసిడ్ సీసా సంగతి మీరే ఊహించుకోండి. కారు బ్యాటరీ నీళ్లూ అంతే. మామూలు నీళ్లు, మెత్తటి చీపురు చాలు.

లోపం లేకపోలేదు. కప్పు నీడ దాటిన చోట మధ్యాహ్నం రెండింటికి నల్లబండ మీద వట్టికాలు పెట్టలేం.

ఇప్పుడు మా అమ్మ గేటు బయట కాదు, షెడ్డులోనే ముగ్గు వేస్తోంది. నల్లబండ మీద తెల్లముగ్గు బాగా కనిపిస్తుందట. అది చెరిగిపోతుందని పండుగ రోజుల్లో నా కారు వీధిలో ఎండుతోంది.