ఇసుక ఒక్కటే చాలదు

2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రేర్ ఎర్త్ లోహాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. మోటార్ల డిజైన్ నా వృత్తి. రెండు నెలలు తిరక్కుండానే మా దగ్గర అయస్కాంతాలు నిండుకున్నాయి. అదే ఏడాది ఇండియాలో ఎలక్ట్రిక్ స్కూటర్ల తయారీ కూడా కుంటుపడింది.

అప్పట్నుంచి మనవాళ్ళు ఎక్కడ కలిసినా ఒకటే మాట: "భీమిలి ఇసుకంతా మోనజైటే కదండీ, మనకేం తక్కువ?" నిజమే, దేశంలో మోనజైట్ నిల్వలు ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. 2025 నవంబరులో కేంద్రం 7,280 కోట్ల రూపాయలతో, ఏటా 6,000 టన్నుల రేర్ ఎర్త్ అయస్కాంతాల తయారీకి పథకం ఆమోదించింది. సంతోషం. కానీ ఇల్లు అలకగానే పండగ కాదు.

మన మోనజైట్‌లో నియోడిమియం ఉంది. మోటారు బాగా వేడెక్కినా అయస్కాంతం బలం కోల్పోకుండా కాపాడేవి డిస్ప్రోసియం, టెర్బియం. అవి మన ఇసుకలో నామమాత్రమే. ఆంక్షలు పడ్డ ఏడింటిలో ఆ రెండూ ఉన్నాయి. అంటే మత్స్యకారుల ఊళ్ళ పక్కన తీరమంతా తవ్విపోసినా, తాళం చెవి పరాయివాడి దగ్గరే ఉంటుంది.

అందుకే రేర్ ఎర్త్ అక్కర్లేని అయస్కాంతాల పరిశోధన మనకు విలాసం కాదు, అవసరం. దారి సులువని నేననను. చవకైన ఫెర్రైట్ బలం నియోడిమియం అయస్కాంతంలో దాదాపు పదో వంతే. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఐరన్ నైట్రైడ్‌కు కావలసింది ఇనుము, నైట్రోజన్ మాత్రమే. కానీ ఎక్కువ వేడిలో విడిపోతుంది కాబట్టి మామూలు పద్ధతిలో కాల్చి గట్టిపరచలేం. మాంగనీస్-బిస్మత్ వేడిలో మొండిగా నిలబడుతుంది, బలమే తక్కువ. అయినా ప్రతి ఫ్యానుకూ, ప్రతి పంపుకూ అత్యంత బలమైన అయస్కాంతం అక్కర్లేదు.

ఒక్కటి గుర్తుంచుకుందాం. 1978లో జైర్‌లో యుద్ధం వచ్చి కోబాల్ట్ ధర ఆకాశాన్నంటింది. కోబాల్ట్ లేని అయస్కాంతం కోసం వెతుకులాట ఊపందుకుంది. 1980ల తొలి సగంలోనే జపాన్‌లో సగావా, అమెరికాలో క్రోట్ విడివిడిగా నియోడిమియం అయస్కాంతాన్ని సాధించారు. ఈనాటి మన అవసరం నిన్నటి కొరతకు పుట్టిన బిడ్డే!

హైదరాబాదులో రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్, పౌడర్ మెటలర్జీలో పేరున్న ఏఆర్‌సీఐ పక్కపక్కనే ఉన్నట్టు లెక్క. కేంద్రం కేటాయించిన మొత్తంలో పదో వంతుకు సమానంగా విడిగా ఒక నిధి పెట్టి, ఇలాంటి సంస్థలకు పదేళ్ళపాటు అడ్డు చెప్పకుండా ఇవ్వాలని నా అభిప్రాయం. ఏటా ఫలితం చూపమంటే ఈ పని కాదు.

మరి మన సంగతి? ఎన్నారైల సలహాలకు కొదవ లేదు, ఖర్చూ లేదు. మనలో లోహశాస్త్రం, మోటార్లు, పవర్ ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్ళు ఎందరో ఉన్నారు. ఈసారి ఊరు వెళ్ళినప్పుడు మంత్రిగారితో ఫొటో దిగితే దిగుదాం, ఆయన్ని "గనులెన్ని?" అని కాక, "ప్రయోగశాలకు ఎంత?" అని అడుగుదాం. సెలవులో ఒక వారం ఆ ప్రయోగశాలకూ ఇద్దాం.