ఒక్క పరుగుతో బలం తేలుతుందా?

రొంపిచెర్ల చుట్టుపక్కల ఊళ్ళలోనూ, నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతాల్లోనూ తెల్లవారకముందే రోడ్డు వెంట పరుగెత్తే యువకుల్ని మీరు చూసే ఉంటారు. కానిస్టేబుల్ ఉద్యోగానికో, సైన్యంలో చేరడానికో వాళ్ళు తయారవుతుంటారు. పోలీసు ఎంపికలో 1600 మీటర్ల పరుగు ఉంటుంది. అందుకని చాలామంది రోజూ అదే దూరాన్ని శక్తికొద్దీ పరుగెత్తి, రోజూ గడియారం చూసుకుంటారు. మొదటి కొన్ని వారాలు పట్టే సమయం తగ్గుతుంది. తరువాత తగ్గడం ఆగిపోతుంది. ఇంకా పట్టుబట్టి పరుగెత్తితే మోకాలి కింద ఎముక వెంట నొప్పి మొదలవుతుంది. తీరా ఎంపిక రోజున కుంటుతూ వెళ్ళేవాళ్ళూ ఉంటారు.

వీళ్ళకు పట్టుదల తక్కువ కాదు. సాధన వేరు, పరీక్ష వేరు అని వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. మన బడుల్లో కూడా ఈ తేడాను పట్టించుకోవడం లేదని నా అభిప్రాయం. ఎందుకలా అంటున్నానో చెబుతాను, మీరే ఆలోచించండి.

బలం ఎప్పుడు పెరుగుతుంది?

పరుగెత్తుతున్నప్పుడు మన బలం పెరగదు, తగ్గుతుంది. కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ఖర్చవుతుంది. కండరాల పోగులు అక్కడక్కడా దెబ్బతింటాయి. ఆ తరువాత మీరు అన్నం తిని, నిద్రపోయినప్పుడు శరీరం ఆ నష్టాన్ని పూడ్చుకుంటుంది. మళ్ళీ అంత పని పడవచ్చునని కాస్త ఎక్కువ బలంగా తయారవుతుంది. బాగా ఖర్చయిన గ్లైకోజెన్ తిరిగి నిండటానికి ఒక రోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. రోజూ శక్తినంతా ఖర్చుపెట్టేవాడు పూడ్చుకునే వ్యవధి ఇవ్వడం లేదన్నమాట. నారు వేరుపట్టిందో లేదో చూడటానికి రోజూ పీకి చూస్తే ఏమవుతుంది?

ఇంకో సంగతి. కండరానికి శక్తి మూడు దారుల్లో అందుతుంది. మొదటి పది సెకన్ల ఉద్ధృతమైన పనికి కండరంలోనే సిద్ధంగా ఉన్న క్రియేటిన్ ఫాస్ఫేట్ ముఖ్యం. ఆపైన ఒకటి రెండు నిమిషాల పాటు గ్లైకోజెన్ ఆక్సిజన్ సాయం లేకుండానే గబగబా విడిపోయి శక్తినిస్తుంది. అంతకన్నా ఎక్కువసేపు సాగే పనిలో ఆక్సిజన్‌దే పెద్ద పాత్ర. గుండె, ఊపిరితిత్తులు దాన్ని ఎంత బాగా అందిస్తే అంత మేలు. మూడు దారులూ ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటాయి. పనిని బట్టి వాటి పాళ్ళు మారతాయి. కనుక ఒక్క దూరాన్నే ఒకే వేగంతో పరుగెత్తితే మూడూ సరిగా పెరగవు. కొన్ని రోజులు నెమ్మదిగా ఎక్కువ దూరం, ఒక రోజు చిన్న చిన్న వేగపు పరుగులు, ఇంకో రోజు కాళ్ళకూ నడుముకూ బలమిచ్చే వ్యాయామం, మధ్యలో విశ్రాంతి ఉండాలి. వైవిధ్యం అంటే ఇదే కాని, రోజుకో వింత చేయడం కాదు.

నాలుగు పాయింట్లు

తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుకున్న అగసర నందిని గురించి వినే ఉంటారు. మొదట్లో ఆమె హర్డిల్స్ పరుగుకారిణి. తరువాత హెప్టాథ్లాన్‌లోకి వచ్చింది. రెండు రోజుల్లో ఏడు పోటీలు జరిగే క్రీడ ఇది. మొదటి రోజు 100 మీటర్ల హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్ల పరుగు; రెండో రోజు లాంగ్‌జంప్, జావెలిన్, 800 మీటర్ల పరుగు. ప్రతిదానికీ పాయింట్లు వేసి కూడుతారు. 2023లో చైనాలోని హాంగ్‌చౌలో జరిగిన ఆసియా క్రీడల్లో నందిని 5712 పాయింట్లతో కాంస్య పతకం గెలిచింది. నాలుగో స్థానంలో నిలిచిన అమ్మాయికి 5708. తేడా 4 పాయింట్లే! 800 మీటర్ల పరుగులో ఆ నాలుగు పాయింట్లు సెకనులో మూడో వంతు కూడా చేయవు. 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ పోటీల్లో ఆమె 5941 పాయింట్లతో స్వర్ణం సాధించింది.

ఇలాంటి క్రీడాకారిణికి శిక్షకుడు ఏం చేయాలో ఊహించండి. ఏడింటినీ రోజూ చేయించడం కుదరదు. ఎక్కడ పాయింట్లు పోతున్నాయో అక్కడ సాధన పెంచాలి. బరువు విసరడానికి కండ పెంచితే, అదే బరువును 800 మీటర్లూ మోయాలి. హైజంప్ కోసం ఎక్కువగా ఎగిరిస్తే మడమ నొప్పి పెట్టవచ్చు. అందుకే పరీక్ష పెట్టడం, దాని ఫలితాన్ని చదవడం, సాధనను మార్చడం, మళ్ళీ పరీక్ష పెట్టడం అనే చక్రం నడుస్తుంది. ఫలితాన్ని చూశాక కూడా సాధన మార్చకపోతే ఆ పరీక్ష దండగ.

పాలపళ్ళ గిత్తకు ఉన్న న్యాయం

ఈ సంగతి మన రైతులకు కొత్త కాదు. ఎడ్ల బండలాగుడు పోటీల్లో పాలపళ్ళ గిత్తలు, రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి, ఆపైన సీనియర్లు అని విభాగాలుంటాయి. విభాగాన్ని బట్టి బండ బరువు ఉంటుంది. ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. పాలపళ్ళ జతను సీనియర్ల బండకు కట్టే రైతు ఉండడు.

మరి బడిలో ఏం చేస్తున్నాం? ఎనిమిదో తరగతి పిల్లలందర్నీ ఒకే గీత దగ్గర నిలబెట్టి ఈల వేస్తాం. పదమూడేళ్ళ ఇద్దరు పిల్లల్లో ఒకరికి ఎదుగుదల ముందే మొదలై ఉంటుంది, ఇంకొకరికి ఇంకా మొదలే కాదు. శరీర పరిపక్వతలో వారి మధ్య రెండేళ్ళ పైగా తేడా ఉండవచ్చు. ఆ ఒక్క పరుగులో వెనకబడిన పిల్లవాడు 'నేను ఆటలకు పనికిరాను' అనుకుని చెట్టు కింద కూర్చుంటాడు. నాకు బాధ కలిగించేది అదే. ఆ పిల్లవాడు దండీలు బాగా తీయగలడేమో, ఆ అమ్మాయి ఎక్కువ దూరం అలుపు లేకుండా పరుగెత్తగలదేమో ఎవరూ చూడలేదు.

2019 ఆగస్టు 29న మొదలైన ఫిట్ ఇండియా ఉద్యమంలో బడి పిల్లలకు ఒకటి కాక అనేక పరీక్షలు సూచించారు. 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు లేక నడక, కూర్చుని ముందుకు వంగి వేళ్ళు చాపడం, పొట్ట కండరాల పరీక్ష, దండీలు, ఎత్తు, బరువు. ఆలోచన మంచిదే. కాని ఆ అంకెలు ఎక్కించి ఊరుకుంటే లాభమేమిటి? డ్రిల్లు పీరియడును లెక్కల పాఠానికి ఇచ్చేస్తే ఏడాది చివర ఆ అంకె ఎలా మారుతుంది?

డబ్బు లేదు, పరికరాలు లేవు అనే మాట నిలవదు. 1953లో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో మోర్గాన్, ఆడమ్సన్ అనే ఇద్దరు సర్క్యూట్ శిక్షణ అనే పద్ధతి రూపొందించారు. మైదానంలో కొన్ని చోట్లు గుర్తుపెట్టి, ఒక చోట దండీలు, ఒక చోట బస్కీలు, ఒక చోట గెంతులు, ఒక చోట చిన్న పరుగు అని వరసగా చేస్తూ తిరగడమే ఇది. ఎవరి మోతాదు వారిది. నలభైమంది ఒకేసారి చేయవచ్చు. సున్నపు గీత చాలు.

మీరు చేయగలిగింది

మీ వ్యాయామోపాధ్యాయుణ్ణి అడిగి ఒక నోటుపుస్తకం పెట్టండి. ఆరేడు వారాలకోసారి పరీక్షించుకోండి, అంతకన్నా ముందు వద్దు. ముందు రోజు విశ్రాంతి తీసుకోండి. అలసిన శరీరం తన అసలు శక్తిని చూపదు. అదే మైదానం, అదే వేళ, వీలైతే అదే గడియారం పట్టే మనిషి ఉండాలి. చేతి గడియారంతో తీసిన 50 మీటర్ల పరుగులో పదో వంతు సెకను తేడాకు పొంగిపోవద్దు, కుంగిపోవద్దు. వేలు నొక్కడంలోనే అంత తేడా వస్తుంది. మీ అంకెను పక్కవాడి అంకెతో కాక మీ పాత అంకెతో పోల్చుకోండి. ఏది వెనకబడిందో దానికి వచ్చే వారాల్లో రెండు రోజులు ఎక్కువ ఇవ్వండి.

రెంటచింతల ఎండలు మనకు తెలిసినవే. వేసవిలో సూర్యుడు ఎక్కకముందే సాధన ముగించండి. నీళ్ళు తాగండి. కళ్ళు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే ఆపి పెద్దలకు చెప్పండి. పొడులు, మాత్రలు అక్కర్లేదు. అన్నం, పప్పు, గుడ్డు, వేరుశనగలు, కంటినిండా నిద్ర ఉంటే చాలు.

మీ అన్నయ్యో, అక్కయ్యో ఎంపికలకు తయారవుతుంటే ఈ మాటలు వాళ్ళకూ చెప్పండి. ప్రకటన వెలువడ్డాక మొదలుపెట్టే సాధన ఆలస్యమైన సాధన. తొమ్మిదో తరగతిలో ఉన్న మీకు మాత్రం బోలెడు వ్యవధి ఉంది.