దురద ఒకటే... కారణాలే వేరు!

తిరువూరు, విస్సన్నపేట తోటల్లో మామిడి కోతలు మొదలైతే చేతులు, మెడ భగభగ మండుతున్నాయనే వాళ్లు చాలామందే కనిపిస్తారు. తొడిమ విరగ్గానే చిమ్మే సొన పని అది. వెంటనే సబ్బుతో కడుక్కుంటే చాలావరకు ఉపశమనం. పేచీ అంతా కోతలైపోయినా తగ్గని దురదతోనే.

గట్ల మీద తెల్లపూలతో కనిపించే వయ్యారిభామను చాలామంది అనుమానించరు. 1950ల్లో పుణెలో కంటపడి దేశమంతా పాకిన కలుపు ఇది. దాని పొడి గాలిలో ఎగిరి కనురెప్పల మీద, మెడ మీద, మోచేతి మడతల్లో దురద రేపుతుంది. అలా కాక రాత్రి పక్క ఎక్కగానే దురద పెరిగి, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు గోక్కుంటుంటే అది గజ్జి కావచ్చు. అందరూ ఒకేసారి మందు రాసుకోకపోతే మళ్లీ వస్తుంది.

నడుం దగ్గర, గజ్జల్లో గుండ్రంగా, ఎర్రటి అంచుతో వస్తే తామర. ఇక్కడే పొరపాటు. మెడికల్ షాపుకెళ్లి 'దురద ట్యూబు ఒకటివ్వండి' అంటారు. చాలా ట్యూబుల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ చాటున ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది. ఆపగానే మంట, రాస్తూపోతే చర్మం పల్చబడి చారలు! అందుకే 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలంది. చీటీ అడిగే షాపులు ఎన్నో అందరికీ తెలిసిందే.

ఒంటి మీద మచ్చ, పొక్కు ఏమీ లేకుండా వారాల తరబడి దురదా? అప్పుడు చూడాల్సింది చర్మాన్ని కాదు. కాలేయం, థైరాయిడ్, రక్తంలో ఇనుము లోపం... ఏదైనా కావచ్చు. అరికాళ్ల మంటలైతే షుగర్ పరీక్ష తప్పదు. నెలలు నిండుతున్న గర్భిణికి అరచేతులు, అరికాళ్లు దురదపెడితే 'వేడి చేసింది' అని సరిపెట్టకుండా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. బిడ్డకు ప్రమాదం కావచ్చు.

మూత్రపిండాల జబ్బు ముదిరినా ఒళ్లంతా దురదే. పక్కనున్న ఎ.కొండూరు తండాల్లో ఆ జబ్బు ఏళ్లుగా ఎందరిని కుంగదీసిందో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. రక్తంలో క్రియాటినిన్ చూడటానికి పెద్ద ఖర్చేం కాదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇన్నాళ్లూ రాసిన ట్యూబు, వేసుకుంటున్న మాత్రలు సంచిలో వేసుకెళ్లండి. ఖాళీ ట్యూబైనా సరే.