ఆకుపసరులో అణువుల వేట

బిళ్ళగన్నేరు, సర్పగంధి, ఏడాకుల పాల, గచ్చకాయ... ఈ పేర్లు చెబితే చాలు, ఏది ఏ జబ్బుకు పనికొస్తుందో మన అమ్మమ్మలు టకటకా చెప్పేస్తారు. ‘మరి ఎందుకు పనిచేస్తుంది?’ అని అడిగితే మాత్రం ‘మా పెద్దవాళ్లు చెప్పారమ్మా’ అంటారు. ఆ ‘ఎందుకు’కి జవాబు వెతకడానికే జీవితమంతా వెచ్చించారు ఒక కెమిస్ట్రీ ప్రొఫెసర్. పేరు అసీమా ఛటర్జీ. ఊరు కోల్‌కతా.

అసీమా 1917 సెప్టెంబరు 23న పుట్టారు. తండ్రి ఇంద్రనారాయణ్ ముఖర్జీ డాక్టరు. ఆయనకు వృక్షశాస్త్రమంటే మహా ఇష్టం. ఆ ఇష్టమే కూతురికీ అబ్బింది. ఆడపిల్లలు కాలేజీ గడప తొక్కడమే అరుదైన రోజుల్లో ఆమె స్కాటిష్ చర్చ్ కాలేజీలో కెమిస్ట్రీ ఆనర్స్ చేశారు. కలకత్తా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ 1938లో పూర్తయింది.

పాఠాలు ఒకవైపు... పరిశోధన మరోవైపు

1940లో లేడీ బ్రాబోర్న్ కాలేజీలో ఉద్యోగం. అమ్మాయిల కోసం అప్పటికి ఏడాది కిందటే పెట్టిన కాలేజీ అది. అక్కడ కెమిస్ట్రీ విభాగాన్ని మొదలుపెట్టి, నిలబెట్టే బాధ్యత ఇరవై మూడేళ్ల అసీమాదే. అధ్యాపకురాలిగా పనిచేస్తూనే పరిశోధన కొనసాగించారు. 1944లో డీఎస్సీ అందుకున్నారు. భారతీయ విశ్వవిద్యాలయం నుంచి సైన్సులో డాక్టరేట్ పొందిన తొలి మహిళ ఆమే!

మరుసటి ఏడాది పెళ్లయింది. భర్త బరదానంద ఛటర్జీ కూడా కెమిస్ట్రీ ప్రొఫెసరే. 1947లో అసీమా అమెరికా బయల్దేరారు. ఒళ్లో ఏడాదైనా నిండని పాప, తోడుగా ఒక ఆయా. విస్కాన్సిన్, కాల్‌టెక్‌లలో పనిచేశాక స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ వెళ్లి, నోబెల్ గ్రహీత పాల్ కారర్ దగ్గర మరికొంత కాలం పరిశోధన చేశారు. 1950లో తిరిగొచ్చేశారు. ఇక్కడ కలకత్తా యూనివర్సిటీ సైన్స్ కాలేజీలో ఆమె కోసం ఎదురుచూస్తున్నవి ఖాళీ అలమరాలూ, చాలీచాలని నిధులే.

బస్తాలకొద్దీ ఆకు... చిటికెడు పొడి

మొక్కల్లో మందుగా పనిచేసే పదార్థాల్లో ఆల్కలాయిడ్లు ముఖ్యమైనవి. వాటిని బయటికి తీయడం ఆషామాషీ కాదు. ఎండబెట్టిన ఆకునో, వేరునో, బెరడునో పొడి చేయాలి. ఆల్కహాల్‌లో రోజుల తరబడి నానబెట్టాలి. ఆ రసానికి ఆమ్లం కలిపితే ఆల్కలాయిడ్లు లవణాలుగా మారి నీళ్లలోకి దిగుతాయి. తర్వాత క్షారం వేస్తే మళ్లీ విడివడతాయి. అప్పటికీ అవి ఒకదానితో ఒకటి కలగలిసే ఉంటాయి. వాటిని విడదీస్తే చివరికి చేతికొచ్చేది ఏ చిటికెడో.

అసలు పని అక్కడి నుంచే. ఆ చిటికెడు పొడిలోని అణువు ఆకారమేమిటి? ఏ పరమాణువు ఎటు తిరిగి ఉంది? ఈరోజుల్లో యంత్రాలు గంటల్లో చెప్పే సంగతి ఇది. అప్పట్లో అణువును రసాయనాలతో ముక్కలు చేసి, ఆ ముక్కలను బట్టి మొత్తాన్ని ఊహించాల్సిందే. కొన్ని నమూనాల విశ్లేషణ ఇక్కడ కుదరక విదేశాలకు పంపేవారు. ఆ ఖర్చుకు ఒక్కోసారి సొంత డబ్బే పెట్టుకునేవారు. అలాగే సర్పగంధి జాతి మొక్కల్లోని ఆజ్మలిసిన్, సర్పజిన్ లాంటి అణువుల రూపురేఖలు తేల్చారు.

బిళ్ళగన్నేరు నుంచి వచ్చిన కేన్సర్ మందులను ఆమే కనిపెట్టారని కొందరు రాస్తుంటారు. అది నిజం కాదు. విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్‌లను వేరుచేసింది కెనడా, అమెరికా పరిశోధకులు. ఆ కుటుంబపు మొక్కల ఆల్కలాయిడ్ల మీద దశాబ్దాల పాటు శ్రమించి, వాటి నిర్మాణాన్ని విప్పిచెప్పినవారిలో అసీమా ఒకరు. అదేమీ తక్కువ ఘనత కాదు.

ఆకుకూరలో మూర్ఛ మందు

నీటి మడుగుల్లో నాలుగేసి ఆకులతో పెరిగే ఒక మొక్కను బెంగాలీలు ‘సుషుని’ అంటారు. ఆకుకూరగా వండుకుంటారు. తింటే బాగా నిద్ర పడుతుందని అక్కడి నమ్మకం. అసీమా బృందం దాన్నే పట్టుకుంది. సుషుని, జటామాంసిల నుంచి మూర్ఛవ్యాధికి ‘ఆయుష్-56’ మందు తయారైంది. ఏడాకుల పాల, గచ్చకాయ, కటుకరోహిణి వంటివాటితో మలేరియాకూ ఓ మందు రూపొందించారు.

ఈ ప్రయాణమేమీ సాఫీగా సాగలేదు. 1967లో నాలుగు నెలల తేడాతో తండ్రీ, భర్తా కన్నుమూశారు. ఆమె కూడా గుండెజబ్బుతో ఆసుపత్రి పాలయ్యారు. కోలుకోగానే మళ్లీ లేబొరేటరీకే వెళ్లారు. అక్కడ విద్యార్థులు ఎదురుచూస్తున్నారు మరి!

ఆ తర్వాత వచ్చింది ఎవరు?

1961లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం అందుకున్న తొలి మహిళ అసీమానే. కెమిస్ట్రీలో ఆ పురస్కారం మరో మహిళను వరించింది 2009లో... చారుసీతా చక్రవర్తిని. అంటే మధ్యలో 48 ఏళ్లు! ఆమె ఎంత ముందు నడిచారో, దారి ఎంత ఖాళీగా ఉండిపోయిందో ఈ ఒక్క లెక్కే చెబుతుంది. 1975లో పద్మభూషణ్ వచ్చింది. అదే ఏడాది ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌కు తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. 1982 నుంచి 1990 వరకు రాజ్యసభ సభ్యురాలు. ప్రతిష్ఠాత్మకమైన ఖైరా ప్రొఫెసర్ పదవిలో ఇరవై ఏళ్లు కొనసాగి 1982లో దిగిపోయారు కానీ పరిశోధన ఆపలేదు. 2006 నవంబరు 22న మరణించారు. అప్పటికి ఆమె పరిశోధన పత్రాలు సుమారు నాలుగు వందలు.

వాటి పక్కనే పెట్టుకోవాల్సిన పుస్తకం మరొకటుంది. హైస్కూలు పిల్లలకు కెమిస్ట్రీ అమ్మభాషలో అర్థం కావాలని శాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోస్ అడిగితే, అసీమా బెంగాలీలో పాఠ్యపుస్తకం రాసిచ్చారు. అణువుల ముడులు విప్పిన ఆ చేతికి, పదో తరగతి పిల్లాడి సందేహం చిన్నదిగా కనిపించలేదు.