తేట నీళ్లు, తెలియని లోతు

ప్రశ్న: సెలవులకు మహానంది కోనేరు, అవుకు జలాశయం చూడబోతున్నాం. మా ఎనిమిదేళ్లవాడికి ఈత రాదు. నీళ్లు మింగితే తలక్రిందులుగా పట్టుకుని తిప్పాలంటారు మా అత్తగారు. నిజమేనా డాక్టరు గారూ?
— ఒక తల్లి, బేతంచెర్ల

జవాబు: కాదమ్మా. తిప్పినా, పొట్ట నొక్కినా లోపలున్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మునిగినవాడికి ముందు కావలసింది గాలి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, రొమ్ము లేచేటట్లు నోట్లో నోరు పెట్టి ఊదండి. ఆ తర్వాత రొమ్ము నడుమ గట్టిగా 30 సార్లు నొక్కడం, రెండుసార్లు ఊదడం. సాయం వచ్చేదాకా ఆపవద్దు. ఇంకొకరు 108కి ఫోను చేయాలి. తేరుకున్నా ఆసుపత్రిలో చూపించవలసిందే. కొన్ని గంటలకు ఆయాసం రావచ్చు.

అత్తగారిని తప్పుపట్టకండి, ఆ పద్ధతి పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్నదే.

మహానంది నీటిలో అడుగున పడిన నాణెం కూడా కనబడుతుంది. అందుకే లోతు తెలియదు. పెద్దలకు మెడ దాకా వచ్చే నీరు మీవాడిని ముంచుతుంది. చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంచుకోండి. అవుకులో పడవెక్కితే లైఫ్ జాకెట్ వేయించండి.

ఇక మీ ఊరి నాపరాతి గనుల్లో వాననీరు నిలిచిన గుంతలున్నాయే, వాటికి ఒడ్డు నిట్టనిలువు, పట్టు దొరకదు. అటు మాత్రం పిల్లల్ని పోనివ్వనే వద్దు.